మీరు పోసింది ఎంత, రిసెప్టర్‌కు అందింది ఎంత?

(నల్లగొండలో ఫార్మసీ, జంతుశాస్త్ర, పశువైద్య విద్యార్థుల ముందు చేసిన ప్రసంగం. ఆ రోజు రాలేకపోయినవాళ్ల కోసం రికార్డింగ్ విని రాసింది.)

అందరికీ నమస్కారం. వెనక వరుసలో వినిపిస్తుందా? సరే.

తేలుతో మొదలుపెడ్త. మన దిక్కు తేలు కుట్టుడు కొత్త కాదు. దేవరకొండ దిక్కు పోయినా, అచ్చంపేట దిక్కు పోయినా రాళ్లు జరిపేటప్పుడు, కట్టెలు తీసేటప్పుడు తేలు కనిపిస్తది. ఎర్ర తేలు గట్టిగ కుట్టిన మనిషికి ఏమైతది? ఒళ్లంతా చెమటలు, చేతులు కాళ్లు చల్లబడుడు, బీపీ ఎక్కుడు, గుండె దడ, ముదిరితే ఊపిరితిత్తుల్లోకి నీరు. మహారాష్ట్రలో మహాడ్ అనే ఊళ్లె డాక్టర్ హిమ్మత్‌రావ్ బావస్కర్ 1980లలో దీనికి ప్రాజోసిన్ వాడి ఫలితం చూపించిన్రు. ప్రాజోసిన్ ఏం మందు? ఆల్ఫా-1 రిసెప్టర్‌ను అడ్డుకునే మందు. రిసెప్టర్ అంటే కణం మీద మందు వచ్చి పట్టుకునే చోటు, ఆల్ఫా-1 అంటే రక్తనాళాన్ని ముడిచే రకం.

ఇప్పుడు మిమ్మల్ని ఒకటి అడుగుత. తేలు విషం ఆల్ఫా-1 రిసెప్టర్ మీద పనిచేస్తదా? చాలామంది తలలు ఊపుతున్నరు. చెయ్యదు. విషం ఆ రిసెప్టర్‌ను ముట్టుకోనే ముట్టుకోదు. నరం పొర మీద సోడియం దారులు ఉంటయి, వాటిని మూసుకోనియ్యకుండ పట్టుకుంటది. నరం ఆగకుండ కొట్టుకుంటది, కొసల్లో దాచుకున్న నారడ్రినలిన్‌ను, అంటే అడ్రినలిన్ చుట్టాన్ని, కుమ్మరిస్తది. రక్తనాళాన్ని ముడిచేది ఆ నారడ్రినలిన్. ఒక రక్తనాళం ముక్కను ఆర్గాన్ బాత్‌లో, అంటే టిష్యూను బతికించి ఉంచే వెచ్చటి ద్రావణం పాత్రలో, కట్టి మీరు విషం పోసిన్రనుకోండి, ముడుచుకుంటది. ప్రాజోసిన్ పోసిన్రు, ఆగిపోతది. "విషం ఆల్ఫా అగోనిస్ట్", అంటే ఆల్ఫాను పట్టుకొని పనిచేయించేది, అని రికార్డులో రాసేస్తరు. తప్పు రాసినట్టు. మీరు పోసింది ఒకటి, రిసెప్టర్‌కు అందింది ఇంకొకటి.

ఈ గంటసేపు నేను చెప్పేది ఈ ఒక్క మాటే. పోసింది వేరు, అందింది వేరు. అడ్రినలిన్ లాంటి మందుల బలాన్ని టిష్యూ ముక్క మీద కొలిచేటప్పుడు తూకంలో, నీళ్లలో, గ్యాస్‌లో, ఎండలో, నరం కొసలో, ఈ రెండింటి మధ్య తేడా ఎక్కడెక్కడ పడుతదో చూద్దాం.

ముందు ఈ అడ్రినలిన్ రిసెప్టర్ల లెక్క ఎట్ల మొదలైందో రెండు మాటలు. 1906లో హెన్రీ డేల్ ఎర్గాట్ అనే బూజు మందు ఇచ్చిన జంతువుకు అడ్రినలిన్ ఇస్తే, ఎక్కాల్సిన బీపీ దిగింది. అంటే అడ్రినలిన్‌కు రెండు పనులున్నయి, ఎర్గాట్ ఒకటే ఆపుతుంది. అంతవరకు తెలిసింది. 1948లో అమెరికాలోని జార్జియాలో రేమండ్ ఆల్క్విస్ట్ ఏం చేసిన్రంటే, అడ్రినలిన్‌తో దగ్గరి చుట్టరికం ఉన్న కొన్ని మందులు తీసుకొని, రక్తనాళం, గర్భాశయం, పేగు, కంటిపాప, గుండె, ఇట్ల ఒక్కో చోట ఏది ఎక్కువ బలం, ఏది తక్కువ బలం అని వరుస పెట్టిన్రు. రెండే వరుసలు వచ్చినయి. అడ్రినలిన్, నారడ్రినలిన్ ముందుండి ఐసోప్రినలిన్ ఎక్కడో వెనక ఉన్న వరుసకు ఆల్ఫా అన్నరు. ఐసోప్రినలిన్ అందరికంటే ముందున్న వరుసకు బీటా అన్నరు. అప్పటికి రిసెప్టర్‌ను చూసినవాళ్లు లేరు. వరుస చూసి చెప్పిన్రు. ఆ తర్వాతనే జేమ్స్ బ్లాక్ బీటాను అడ్డుకునే ప్రొప్రనలాల్ చేసిన్రు, 1988లో నోబెల్ వచ్చింది.

ఇక్కడ జర ఆగండి. మొత్తం లెక్క వరుస మీద నిలబడ్డదంటే, వరుస చెడగొట్టేది ఏదైనా లెక్కను చెడగొడ్తది. అవునా? నారడ్రినలిన్‌ను నరం మింగేస్తుంది, ఐసోప్రినలిన్‌ను మింగదు. మీకు కనిపించే వరుస అప్పుడు రిసెప్టర్ వరుసేనా? అందుకనే రాబర్ట్ ఫర్చ్‌గాట్ 1972లో రిసెప్టర్లను గుర్తుపట్టాలంటే ముందు ఏమేం షరతులు తీరాలో కూర్చొని రాసిన్రు. ఆ షరతులే మన పని.

ఇగ పనిలోకి వద్దాం. ఏ టిష్యూ తీసుకుంటం? ఎలుక వాస్ డిఫరెన్స్ (వీర్యనాళం), కుందేలు అయోర్టా (పెద్ద ధమని), గినీ పిగ్ ట్రాకియా, ఇవి పుస్తకాల్లో ఉంటయి. వీటికి జంతువును చంపాలె. 1960 నాటి జంతు హింస నివారణ చట్టం కింద ఏర్పడ్డ కమిటీ ఉంది, కాలేజీలో ఎథిక్స్ కమిటీ అనుమతి కావాలె. మన చేతిలో ఉన్నది యాట. మటన్ దుకాణంల పొద్దుగాల కోసిన మేక శ్వాసనాళం, అదే ట్రాకియా, దొరుకుతది. బీటా-2, అంటే శ్వాసనాళాన్ని సడలించే బీటా రకం, చూడడానికి దానికంటే మంచి సామాను మనకు లేదు. ప్రయోగం కోసం ప్రాణం తీసినట్టూ కాదు. అయినా కమిటీకి ముందే కాగితం రాసి పెట్టండి, తర్వాత ఇబ్బంది రాదు.

దుకాణం దగ్గర మూడు జాగ్రత్తలు చెప్పుత. మొదటిది, ఆదివారం పోకండి. ఆ రద్దీలో మీ గొట్టం అరగంట బల్ల మీద ఎండుతది. మామూలు రోజు ఆరింటికే పోయి ఎదురుంగ నిలబడండి. రెండోది, దుకాణం ఆయన శుభ్రంగ ఇద్దామని నల్లా నీళ్లతో కడుగుతడు. మంచి మనసుతోనే కడుగుతడు, కానీ ఉప్పు లేని నీళ్లు తగిలితే లోపలి పొర ఉబ్బి చచ్చిపోతది. "కడగకన్నా, అట్లనే ఇయ్యి" అని ముందే చెప్పాలె. మూడోది, థర్మాస్‌లో చల్లటి క్రెబ్స్ ద్రావణం, అంటే టిష్యూను బతికించే ఉప్పుల ద్రావణం, తీసుకపోవాలె, అందులో గొట్టం మునగాలె. మంచుగడ్డ బయట ఉండాలె, లోపల వద్దు. గడ్డ తగిలిన చోట టిష్యూ గడ్డకట్టి, కరిగినంక పనికిరాదు. కోసిన టైం చీటీ మీద రాసుకోండి. ఇది చిన్న విషయమనుకుంటరు. సాయంత్రం కర్వ్, అంటే ఏ డోసుకు ఎంత పని జరిగిందో చూపే గీత, సరిగ్గ రాకపోతే మొట్టమొదట అడిగేది ఆ టైమే.

ఇప్పుడు కోత. దగ్గరికి రండి, ఈ మోడల్ మీద చూపిస్త. మేక ట్రాకియాలో మృదులాస్థి ఉంగరం పూర్తి గుండ్రం కాదు. వీపు వైపు రెండు కొసలు దగ్గరికొచ్చి చిన్న గట్టులాగ పైకి లేస్తయి. ఆ రెండు కొసలను కలుపుతూ లోపల అడ్డంగ ఉన్న పల్చటి గులాబీ పట్టీ, అదే ట్రాకియాలిస్ కండరం. మనకు కావాల్సింది అదొక్కటే. కుక్కలో, పిల్లిలో ఈ కండరం ఉంగరానికి బయటి వైపు అతుక్కొని ఉంటది. మేకలో, గొర్రెలో లోపలి వైపు. ఇది తెలియక లోపలి పొరను ఫోర్సెప్స్‌తో గీకితే పొరతోపాటు కండరం కూడ ఊడొస్తది. కత్తెర ఎక్కడ పెట్టాలె? కండరానికి సరిగ్గ ఎదురుగా, అంటే గొంతు ముందు వైపు మృదులాస్థి మధ్యల. కోస్తే ఉంగరం విచ్చుకుంటది, మధ్యల కండరం, రెండు వైపుల మృదులాస్థి రెక్కలు. ఆ రెక్కలకు దారం కట్టాలె. కండరానికి దారం తగలొద్దు. ఇట్లాంటివి ఐదారు ఉంగరాలు ఒకదానికొకటి కట్టి గొలుసు చేస్తరు. మంచి ఫోర్స్ ట్రాన్స్‌డ్యూసర్, అంటే గుంజుడును కొలిచే పరికరం, ఉంటే 3 మిల్లీమీటర్ల పట్టీ ఒక్కటి చాలు. కదలికను రాసే పాత మీట (లీవర్) మీద రాయించేవాళ్లకు గొలుసు తప్పదు, ఒక్కో ఉంగరం కదలిక తక్కువ, అన్నీ కలిస్తేనే కనిపిస్తది. దారం నూలుదైనా పట్టుదైనా పర్వాలేదు, సాగేది మాత్రం వద్దు. సాగే దారం కడితే కండరం సడలిందా, దారం సాగిందా ఎట్ల తెలుస్తది?

క్రెబ్స్ ద్రావణం. రాసుకునేవాళ్లు రాసుకోండి, లీటరుకు చెప్తున్న. సోడియం క్లోరైడ్ 6.9 గ్రాములు, పొటాషియం క్లోరైడ్ 0.35, మెగ్నీషియం సల్ఫేట్ ఏడు నీళ్లది 0.29, పొటాషియం డైహైడ్రోజన్ ఫాస్ఫేట్ 0.16, సోడియం బైకార్బొనేట్ 2.1, గ్లూకోజ్ 2 గ్రాములు. కాల్షియం క్లోరైడ్ చివర. చివర అంటే నిజంగా చివరనే. మిగతావన్నీ కరిగి, 95 శాతం ఆక్సిజన్, 5 శాతం కార్బన్ డయాక్సైడ్ గ్యాస్ పది నిమిషాలు బుడగలు పోయినంక, కాల్షియం విడిగ నీళ్లలో కరిగించి, కలుపుతూ చుక్క చుక్కగ పోయాలె. ముందే పోస్తే తెల్లగ విరిగిపోతది. అది కాల్షియం ఫాస్ఫేట్, కార్బొనేట్. వడగట్టి వాడుకుందామనుకోవద్దు. వడగట్టింది కాల్షియంనే.

ఇంకోటి. కాల్షియం క్లోరైడ్ డబ్బా మీద ఏముందో చదవండి. నీళ్లు లేనిదైతే 0.28 గ్రాములు, రెండు నీళ్లదైతే 0.37. రెండు నీళ్ల దాన్ని 0.28 తూచిన్రంటే 2.5 మిల్లీమోలార్‌కు బదులు 1.9 వస్తది (మోలార్ అంటే లీటరులో ఎన్ని అణువులున్నయో చెప్పే లెక్క). కండరం ముడుపు తక్కువైతది, "మేక టిష్యూ బలహీనంగ ఉంది" అని రాస్తరు. మేక తప్పేం లేదు.

నీళ్ల గురించి నల్లగొండలో మాట్లాడకపోతే ఎక్కడ మాట్లాడాలె? మన బోరు నీళ్లు వాడొద్దు అంటే అందరూ ఫ్లోరైడ్ అంటరు. నిజమే, దానికొక కథ ఉంది. రిసెప్టర్ కింద దాని కబురును కణం లోపలికి మోసే జీ-ప్రొటీన్ ఉంటది. ఫ్లోరైడ్, అల్యూమినియం కలిస్తే, రిసెప్టర్‌తో పని లేకుండనే జీ-ప్రొటీన్‌ను నేరుగా లేపుతయి. 1982లో స్టెర్న్‌వైస్, గిల్‌మన్ అనే ఇద్దరు ఫ్లోరైడ్ ఒక్కదానితో ఇది జరగదు, అల్యూమినియం కూడ కావాలె అని చూపించిన్రు. మన దగ్గర ఫ్లోరైడ్ తీసే నల్లగొండ పద్ధతిలో ఏం వాడుతం? పటిక. పటికలో ఏముంది? అల్యూమినియం. భయమైతుంది కదా? కానీ లెక్క చూడండి. లీటరుకు 5 మిల్లీగ్రాముల ఫ్లోరైడ్ ఉన్న నీళ్లు, తాగడానికి పనికిరాని నీళ్లు అవి, మోలార్ లెక్కల 0.26 మిల్లీమోలార్. జీ-ప్రొటీన్‌ను లేపడానికి ప్రయోగాల్లో వాడేది 5, 10 మిల్లీమోలార్లు. ఇరవై, నలభై రెట్ల తేడా. కాబట్టి మన ప్రయోగాన్ని ముంచేది ఫ్లోరైడ్ కాదు. ఏది మరి? కాఠిన్యం. మన బోరు నీళ్లు కుండల అడుగున తెల్లగ గడ్డకట్టే నీళ్లు. కాఠిన్యం 500 అని రిపోర్ట్ వస్తే కాల్షియం, మెగ్నీషియం కలిపి 5 మిల్లీమోలార్లు. మీరు తూచి పోసే కాల్షియం, మెగ్నీషియం కలిపి ఎంత? 3.7. మీరు పోసినదానికంటే ఎక్కువ నీళ్లలోనే ఉంది. అందుకని డిస్టిల్డ్ వాటర్. ఆర్వో క్యాన్ నీళ్లు కూడ వద్దు, ఒక్కో క్యాన్‌లో ఒక్కో లెక్క ఉంటది.

గ్యాస్ సిలిండర్ లేదు, చేపల తొట్టి పంపుతో గాలి కొట్టొచ్చా అని ప్రతి చోటా అడుగుతరు. క్రెబ్స్‌కు వద్దు. బైకార్బొనేట్ ఎక్కువున్న ద్రావణం అది, కార్బన్ డయాక్సైడ్ లేకపోతే పీహెచ్ 7.4 దగ్గర ఆగదు, 8 దిక్కు పోతది. క్షారంలో అడ్రినలిన్ తొందరగ చెడిపోతది. గాలి ఒక్కటే ఉంటే లీటరుకు 1 గ్రాము బైకార్బొనేట్ ఉండే టైరోడ్ ద్రావణం వాడండి, పీహెచ్ కొలిచి రాయండి.

ఎండ సంగతి. బాత్ 37 డిగ్రీలు పెడ్తం. థర్మోస్టాట్ ఏం చేస్తది? వేడి చేస్తది. చల్లబరచదు. మే నెల మధ్యాహ్నం మన ల్యాబ్‌లో 42 ఉన్నప్పుడు మీటర్ మీద 37 అని తిప్పి పెట్టినా బాత్‌లో నీళ్లు గది వేడికే పోతయి. బాత్ లోపల వేరే థర్మామీటర్ పెట్టి చూడండి. ఏసీ లేకపోతే ఎండాకాలం ఈ ప్రయోగం పొద్దున పదకొండులోపు ముగించండి.

కట్టినంక 1 నుంచి 2 గ్రాముల బరువు పెట్టి గంటసేపు వదిలెయ్యాలె, ప్రతి 15 నిమిషాలకు ద్రావణం మార్చాలె. ఈ గంట ఎవ్వరూ ఓపిక పట్టరు. పట్టండి. కోసిన టిష్యూలోంచి హిస్టమిన్, ప్రోస్టాగ్లాండిన్లు కారుతుంటయి, అవి పోవాలె. తర్వాత పొటాషియం క్లోరైడ్ 4 మోలార్ ద్రావణం 0.2 మిల్లీలీటర్లు 10 మిల్లీల బాత్‌లో పోస్తే 80 మిల్లీమోలార్ అయితది. దీనికి రిసెప్టర్‌తో పని లేదు, కండరం బతికి ఉంటే ముడుచుకోవాలె. ముడుచుకోలేదా, ఆ పట్టీ తీసి పారెయ్యండి. అక్కడ మొహమాటం వద్దు.

ట్రాకియాకు ఊరికే ఉన్నప్పుడు ముడుపు తక్కువ, సడలే మందు పోస్తే ఏం కనిపిస్తది? అందుకని ముందు కార్బకాల్ అనే ముడిచే మందుతో ముడుస్తం. ఎంత? చాలామంది గట్టిగ ముడవాలని ఎక్కువ పోస్తరు. కార్బకాల్ ఎంత ఎక్కువ పోస్తే ఐసోప్రినలిన్ కర్వ్ అంత కుడికి జరుగుతది, ఇంకా పోస్తే పూర్తి సడలింపు కూడ రాదు. కండరాన్ని ఒకరు అటు, ఒకరు ఇటు గుంజుతున్నరు, అంతే. బీటా రిసెప్టర్‌కు ఏం కాలేదు. ఆ టిష్యూకు గరిష్ఠ ముడుపులో సగం తెచ్చే డోసు, మేక ట్రాకియాలో 0.3 నుంచి 1 మైక్రోమోలార్ మధ్య వెతకండి. దొరికినంక అన్ని పట్టీలకూ అదే.

ఇప్పుడు మందు. ఇక్కడ జర నెమ్మదిగ పోదాం, ఎందుకంటే తప్పులన్నీ ఇక్కడనే. అడ్రినలిన్ సీసాలో ఉండేది వట్టి అడ్రినలిన్ కాదు, బైటార్ట్రేట్ లవణం. అణుభారం 333. అందులో అడ్రినలిన్ 183. అంటే 1 మిల్లీగ్రాము పొడిలో అసలు మందు 0.55 మిల్లీగ్రాములే. నారడ్రినలిన్ బైటార్ట్రేట్ మోనోహైడ్రేట్‌లోనైతే సరిగ్గ సగం. ఒకరు లవణం తూకంతో, ఒకరు బేస్, అంటే వట్టి మందు, తూకంతో కర్వ్ గీసి పక్కపక్కన పెడితే రెండింతల తేడా వస్తది. మిల్లీగ్రాముల్లో మాట్లాడకండి, మోలార్‌లో మాట్లాడండి. సగం గొడవలు పోతయి.

ఐసోప్రినలిన్ హైడ్రోక్లోరైడ్ అణుభారం 247.7. 24.8 మిల్లీగ్రాములు తూచి 10 మిల్లీల 0.01 నార్మల్ హైడ్రోక్లోరిక్ ఆమ్లంలో కరిగిస్తే 10 మిల్లీమోలార్. ఆమ్లం ఎందుకు? ఆమ్లంలో నిలుస్తది, క్షారంలో నిలవదు. దీని నుంచి 100, 10, 1 మైక్రోమోలార్లు చేసుకుంటం, 0.9 శాతం ఉప్పునీళ్లలో, లీటరుకు 200 మిల్లీగ్రాముల ఆస్కార్బిక్ ఆమ్లం, అంటే విటమిన్ సి, కలిపి. మంచు మీద, వెలుతురు తగలకుండ. గాలి తగిలితే అడ్రినలిన్ అడ్రినోక్రోమ్‌గా మారుతది, గులాబీ రంగు వస్తది, తర్వాత గోధుమ రంగు. గులాబీ రంగు కనిపించిందంటే పారబోయండి. "లేత గులాబీనే కదా సార్" అంటరు. లేత గులాబీలో ఎంత మందు మిగిలిందో మీరు చెప్పగలరా? చెప్పలేనప్పుడు ఎట్ల వాడుతరు? బాత్‌లో కూడ ఇదే జరుగుతది, వెచ్చగ ఉంటది, ఆక్సిజన్ బుడగలు పోతుంటయి. అందుకే క్రెబ్స్‌లో లీటరుకు 10 మిల్లీగ్రాముల డైసోడియం ఈడీటీఏ వేస్తరు. నీళ్లల్ల ఉండే రాగి, ఇనుము అణువులు ఈ చెడిపోవుడును తొందర చేస్తయి, ఈడీటీఏ వాటిని పట్టుకుంటది.

డోసులు ఒకదాని మీద ఒకటి కడగకుండ పోస్తం. 10 మిల్లీల బాత్, 1 మైక్రోమోలార్ ద్రావణం 10 మైక్రోలీటర్లు పోస్తే 1 నానోమోలార్. తర్వాత 3 నానోమోలార్ కావాలె. ఎంత పోయాలె? ఎవరన్నా చెప్పండి. ముప్పై అంటున్నరు. ఇరవై! లోపల ఒకటి ముందే ఉంది కదా. ముప్పై పోస్తే నాలుగైతది. ఆ తర్వాత 10 నానోమోలార్ కావాలంటే 10 మైక్రోమోలార్ ద్రావణం 7 మైక్రోలీటర్లు. మళ్లీ ఇరవై, మళ్లీ ఏడు, ద్రావణం మార్చుకుంటూ. ప్రతి మెట్టు దగ్గర గీత చదునైనంత వరకు ఆగాలె, ట్రాకియాలో 5 నుంచి 8 నిమిషాలు పడుతది. చదును కాకముందే పోస్తే కర్వ్ కుడికి పోతది. అక్కడ మందు బలం తగ్గలేదు, మీ ఓపిక తగ్గింది.

ఇప్పటిదాక బయటి లెక్క. ఇప్పుడు టిష్యూ లోపలి లెక్క. నారడ్రినలిన్ పోసిన్రు, బాత్‌లో 1 మైక్రోమోలార్ ఉంది. కండరం సందుల్లో ఎంతుంది? నరం కొసలు దాన్ని లోపలికి లాక్కుంటయి. ఎలుక వాస్ డిఫరెన్స్‌లో నరాలు దట్టంగ ఉంటయి, అక్కడ ఈ లాగుడు మస్తు బలం. దాన్ని ఆపితే నారడ్రినలిన్ కర్వ్ ఎడమకు బాగా జరుగుతది. ఫినైలెఫ్రిన్ అనే ఆల్ఫా-1 అగోనిస్ట్ కర్వ్ అంతగ కదలదు, దాన్ని నరం ఎక్కువ లాక్కోదు. పాత పుస్తకాల్లో ఆపడానికి కొకెయిన్ అని ఉంటది. మనకు 1985 మత్తుమందుల చట్టం ఉంది, కొకెయిన్ జోలికి పోవద్దు. డెసిప్రమిన్ 0.1 మైక్రోమోలార్ వాడండి. ఎక్కువ పోస్తే డెసిప్రమినే ఆల్ఫా-1ను అడ్డుకుంటది, అప్పుడు ఒక తప్పు తీసేసి ఇంకో తప్పు పెట్టినట్టు. నరం కాక కండరం కూడ కొంత లాక్కుంటది, ఐసోప్రినలిన్‌ను కూడ. దాన్ని ఆపడానికి కార్టికోస్టిరోన్ 40 మైక్రోమోలార్. అది ఆల్కహాల్‌లో కరుగుతది కాబట్టి ఉట్టి ఆల్కహాల్‌తో ఒక పట్టీ పక్కన ఉండాలె.

మందు తానే రిసెప్టర్‌ను పట్టుకుంటుందా, తేలు విషంలాగ నరం నుంచి నారడ్రినలిన్ బయటికి తీస్తుందా? డెసిప్రమిన్ పెట్టి చూడండి. టైరమిన్ లాంటి మందు నరం లోపలికి పోయి నారడ్రినలిన్‌ను బయటికి నెడ్తది. లోపలికి పోయే దారి మూసేస్తే దాని పని పడిపోతది. నేరుగా పట్టుకునేదైతే పడిపోదు. తేలు విషం మాత్రం ఆ దారిన పోదు, నరాన్ని పొర మీదనే లేపుతది, కాబట్టి ఈ పరీక్షకు చిక్కదు. దానికి టెట్రోడోటాక్సిన్‌తో సోడియం దారులు మూయాలె.

రక్తనాళం కట్టేవాళ్లకు ఒక్క మాట. లోపలి పొర, ఎండోథీలియం, ఉందో లేదో తెలుసుకోకుండ మొదలుపెట్టొద్దు. ఏళ్ల తరబడి అసిటైల్‌కోలిన్ కుందేలు అయోర్టా పట్టీని ముడుస్తదనే అనుకున్నరు. పట్టీ కోసేటప్పుడు ఆ పొర రాసుకొని పోతుందని, పొర ఉంటే సడలుతుందని 1980లో ఫర్చ్‌గాట్ చూపించిన్రు. ఆల్ఫా-2 మందులు కూడ ఆ పొర మీద పనిచేసి సడలిస్తయి. కాబట్టి మీ ముడుపు కర్వ్ సగం పొర మీద ఆధారపడి ఉంటది.

అడ్డుకునే మందు బలం కొలుచుడు. షిల్డ్ పద్ధతి, పీఏ2. పీఏ2 అంటే అడ్డు మందు బలం చెప్పే అంకె, ఎంత పెద్దదైతే మందు అంత బలం. మొదట ఐసోప్రినలిన్ కర్వ్ ఒకటి. కడిగి, గంట ఆగి, ప్రొప్రనలాల్ 100 నానోమోలార్ పోసి 45 నిమిషాలు ఉంచి, రెండో కర్వ్. మొదటిసారి సగం సడలింపు 10 నానోమోలార్ దగ్గర వచ్చింది, రెండోసారి 410 దగ్గర వచ్చిందనుకోండి. నిష్పత్తి 41. ఒకటి తీసెయ్యండి, 40. దాని లాగ్ 1.6. ప్రొప్రనలాల్ 100 నానోమోలార్ అంటే పది పవర్ మైనస్ 7 మోలార్, దాని మైనస్ లాగ్ 7. మొత్తం 8.6. బాగుంది కదా? ఇంకా బాగాలేదు. అదే ట్రాకియా నుంచి తీసిన పక్క పట్టీకి ప్రొప్రనలాల్ లేకుండనే రెండు కర్వ్‌లు తీయాలె. ఐసోప్రినలిన్ ఒకసారి చూసిన బీటా రిసెప్టర్ రెండోసారి మొద్దుబారుతది. ఆ పక్క పట్టీలో రెండో కర్వ్ తనంతట తనే రెండింతలు కుడికి పోయిందనుకోండి, మీ 41ని రెండుతో భాగించాలె. ఇరవయ్యున్నర. పీఏ2 8.6 కాదు, 8.3. ఆ పక్క పట్టీ లేకపోతే ఈ తప్పు మీకు ఎప్పటికీ తెలియదు.

ఒక్క డోసుతో ఆగొద్దు. కనీసం మూడు, పదింతల మెట్లలోనైనా, మూడింతల మెట్లలోనైనా. నిష్పత్తిలోంచి ఒకటి తీసేసిన అంకె లాగ్‌ను అడ్డు మందు డోసు లాగ్ మీద గీస్తే, ఆ గీత వాలు 1 రావాలె. 0.7 వచ్చిందనుకోండి, "రెండు రకాల రిసెప్టర్లున్నయి" అని సంబురపడకండి. ముందు నరం లాగుడు ఆపిన్రా చూడండి. అడ్డు మందు ఎక్కువైనకొద్దీ అగోనిస్ట్ ఎక్కువ పోస్తం. ఎక్కువ పోసినప్పుడు నరానికి లాక్కునే ఓపిక అయిపోతది, పోసినదాంట్ల ఎక్కువ వంతు రిసెప్టర్‌కు చేరుతది. కర్వ్ జరగాల్సినంత జరగదు, వాలు తగ్గుతది. రెండోది, 45 నిమిషాలు చాలినయా? మూడోది, కొత్త రిసెప్టర్ మాట. ఆ వరుసలో అడగండి. ప్రొప్రనలాల్ 10 మైక్రోమోలార్ దాటితే పొరలను మొద్దుబరుస్తది, ఆల్ఫా-2ను అడ్డుకునే యోహింబిన్ 1 మైక్రోమోలార్ దాటితే ఆల్ఫా-1ను కూడ పట్టుకుంటది. మందు పేరు పక్కన "సెలెక్టివ్" అని రాసుకున్నప్పుడు ఎంత డోసు వరకో కూడ రాసుకోండి.

పశువైద్యం చదివేవాళ్లు ఉన్నరు కాబట్టి జీవుల తేడా ఒకటి. జైలజిన్ పశువులను మత్తులో పెట్టే ఆల్ఫా-2 మందు. గుర్రానికి ఇచ్చే డోసులో పదో వంతు ఆవుకు చాలు. ఎలుక ఆల్ఫా-2 రిసెప్టర్‌ను యోహింబిన్ మనిషి దాన్ని పట్టుకున్నంత గట్టిగ పట్టుకోదు. మేక ట్రాకియాలో వచ్చిన అంకె మేక అంకె.

ఇప్పుడు కోర్సులో జంతు ప్రయోగాలన్నీ సాఫ్ట్‌వేర్ మీద, వీడియోల మీద చూపించాలని ఉంది. పాండిచ్చేరి జిప్‌మర్‌లో తయారైన ఎక్స్‌ఫార్మ్ సాఫ్ట్‌వేర్ మీలో చాలామంది చూసి ఉంటరు. నాకు అది మంచి పనే అనిపిస్తది. కర్వ్ ఎట్ల జరుగుతదో నేర్చుకోవడానికి ఏటా వందల కుందేళ్లు, కప్పలు పోవాల్సిన పని లేదు. కానీ కంప్యూటర్‌లో అడ్రినలిన్ గులాబీ రంగుకు రాదు, కాల్షియం విరగదు. ఆ రెండూ చూడడానికి జంతువు అక్కరలేదు, బీకరు చాలు. ఆ రెండు ప్రయోగాలు ప్రతి విద్యార్థితోటి చేయించండని ఇక్కడున్న అధ్యాపకులను గట్టిగ అడుగుతున్న. క్రెబ్స్ తప్పు వరుసలో కలిపి విరగనియ్యండి. అడ్రినలిన్‌ను ఒక గాజు గొట్టంలో మంచు మీద, ఇంకోదాంట్ల కిటికీ దగ్గర బైకార్బొనేట్ నీళ్లల్ల పెట్టి, సాయంత్రం పక్కపక్కన పట్టుకొని చూడనియ్యండి.

ప్రశ్నలు. మూడో వరుసలో అమ్మాయి అడుగుతుంది, ట్రాకియా మరునాటికి దాచొచ్చా అని. దాచొచ్చమ్మా. చల్లటి క్రెబ్స్‌లో ఫ్రిజ్‌లో 4 డిగ్రీల దగ్గర రాత్రంతా ఉన్న ట్రాకియా తెల్లారి కూడ ముడుచుకుంటది, సడలుతది. కానీ తాజా పట్టీలు, నిల్వ పట్టీలు ఒకే గ్రాఫ్‌లో కలపొద్దు. నరం కొసలు, లోపలి పొర కండరం కంటే ముందు పోతయి.

ఇంకో ప్రశ్న, పొడి దొరకకపోతే హాస్పిటల్ ఇంజెక్షన్ ఆంప్యూల్ వాడొచ్చా? ఇన్‌హేలర్ మాత్రం వద్దు, అందులో నెట్టే వాయువు, కొన్నిట్ల ఆల్కహాల్ ఉంటయి. ఆంప్యూల్ అయితే లెక్క ఇట్ల. మిల్లీకి 1 మిల్లీగ్రాము అడ్రినలిన్ అని ఉంటే, అది బేస్ లెక్కనో లవణం లెక్కనో లేబుల్ మీద చూడండి. బేస్ అయితే 5.46 మిల్లీమోలార్. 10 మైక్రోలీటర్లు 10 మిల్లీల బాత్‌లో పోస్తే 5.46 మైక్రోమోలార్. కానీ చెడిపోకుండ ఉండడానికి అందులో సోడియం మెటాబైసల్ఫైట్ కలుపుతరు. అది ఎంత ఉందో చూసి, అంతే మెటాబైసల్ఫైట్ ఉప్పునీళ్లల్ల కలిపి, మందు లేకుండ పక్క బాత్‌లో పోయండి. అక్కడ పట్టీ కదిలిందా, మొదటి బాత్‌లో కదిలించింది అడ్రినలిన్ ఒక్కటే కాదు.